బరువు అడగని సైకిల్

ఆ సైకిల్ ఇప్పటికీ మా ఫ్యాక్టరీలో క్యాంటీన్ పక్క గదిలోనే ఉంది. ఎంత తొక్కినా అక్కడి నుంచి అంగుళం కదలదు. హ్యాండిల్ మధ్యలో అరచేతంత తెర, ఆ తెర మీద నిమిషాలు, కిలోమీటర్లు, ఖర్చయిన కేలరీలు. ఆ కేలరీల అంకె తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనిషి అబద్ధం చెబితే ఏదో అవసరం ఉండి చెప్పాడులే అనుకుంటాం. ఆ యంత్రానికి ఏం అవసరం? ఒక ఇనుప వస్తువు మీద ఇంత కోపం ఎందుకయ్యా అని మీరు అడగవచ్చు. చెబుతాను.

గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. ఇరవై రెండేళ్లుగా నేను తూకం గదిలోనే ఉన్నాను. ఏ బ్యాచ్‌కు ఏ పొడి ఎన్ని కిలోలు పడాలో కాగితం మీద వస్తుంది. నేను డ్రమ్ములోంచి తీసి ఎలక్ట్రానిక్ కాంటా మీద పోస్తాను. సరిపోయాక అంకెను గట్టిగా చదువుతాను. డ్రమ్ముకు అవతల పుస్తకం పట్టుకుని నిలబడ్డ నా జోడీదారు రాసుకుంటాడు. ‘తూచినవారు’ అన్న చోట నా సంతకం, ‘సరిచూసినవారు’ అన్న చోట ఆయన సంతకం పడితేనే సరుకు గది దాటుతుంది.

రూలు ప్రకారం ఆయన డ్రమ్ము చుట్టూ తిరిగి వచ్చి, తెర మీది అంకెను తన కళ్లతో చూసి రాయాలి. పదకొండేళ్ల కింద నా దగ్గర చేరినప్పుడు మొదటి వారం అలాగే చేశాడు. తర్వాత మానేశాడు. ఎందుకని అడిగితే, “నువ్వు చదివినవంటే కాంటా చదివినట్టే అన్నా. నడుమ నేనెందుకు?” అన్నాడు. సంగారెడ్డిలో వాళ్ల నాన్నకు దర్జీ దుకాణం ఉండేది. కొలత తప్పితే గుడ్డ పాడవుతుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాడు. అలాంటివాడు నా నోటి మాటను నమ్మి సంతకం పెడుతున్నాడంటే నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో! ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు మాత్రం చుట్టూ తిరిగి వచ్చి వంగి చూసేవాడు. మాస్కు వెనక నవ్వుతున్నాడని కళ్లు చూస్తే తెలిసేది. నాకూ నవ్వొచ్చేది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు కాంటానే పరీక్షిస్తాం. ఇరవై కిలోలని ముద్ర ఉన్న గుండును దాని మీద పెడతాం. ఇరవై చూపిస్తే పచ్చ చీటీ. కొన్ని గ్రాములు అటూ ఇటూ చూపించినా ఎర్ర చీటీ అంటిస్తాం. ఎర్ర చీటీ ఉన్న కాంటాను మేనేజరు వచ్చి చెప్పినా ముట్టుకోం. అలాంటి గదిలో ఇరవై రెండేళ్లు బతికినవాణ్ని నేను.

ఏడాదికోసారి చేసే పరీక్షల్లో నాకు షుగర్ ఉందని తేలింది. కొద్దిగా కాదు, బాగానే ఉందట. మంగళవారాలు ఫ్యాక్టరీకి వచ్చే డాక్టరు గారు మందులు రాసి, కాగితం పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పారు. “మూడు నెలలు చూద్దాం. తగ్గకపోతే ఇన్సులిన్ మొదలుపెట్టాలి. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకు తూకం గదికి ఫిట్‌నెస్ ఇవ్వడానికి కంపెనీ రూల్స్ ఒప్పుకోవు.” అందులో న్యాయం లేకపోలేదు. మా గదిలోకి చాక్లెట్ ముక్క కూడా తీసుకుపోకూడదు. ఒళ్లంతా సూటు, చేతులకు గ్లవ్స్. లోపల ఒక్కసారిగా షుగర్ పడిపోతే నోట్లో చిటికెడు చక్కెర వేసుకునే దారి లేదు. గది పోతే నేను పోవలసింది వెనక యార్డుకు. అక్కడ ఖాళీ డ్రమ్ములు లెక్కబెట్టడం తప్ప పని లేదు. నా జీవితంలో నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, అది ఆ గదిలోనే ఉంది.

సరిగ్గా ఆ నెలలోనే హెచ్ఆర్ మేడం ఆరోగ్య గది తెరిపించారు. కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, లడ్డూలు పంచారు. షుగర్ వాళ్ల గది ప్రారంభానికి లడ్డూలేమిటని ఒక్కరికీ తట్టలేదు. గోడకు ఒక చార్టు అతికించారు. చపాతీకి ఇన్ని కేలరీలు, కప్పు అన్నానికి ఇన్ని, గుడ్డుకు ఇన్ని. గది మధ్యలో సైకిల్. తొక్కిన ప్రతివాడూ దిగేముందు తెర మీది కేలరీలు పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం నెలనెలా డాక్టరు గారి దగ్గరికి పోతుంది.

నేను ఎగిరి గంతేశాను. ఎందుకంటే మొదటిసారి తొక్కగానే ఆ తెర మీద అంకె 212.4 అని పడింది. చుక్క తర్వాత ఆ నాలుగు చూసే నేను పడిపోయాను. ఇంకెవరైనా అయితే నవ్వుకుని వదిలేసేవారేమో. తూకం మనిషికి చుక్క తర్వాత అంకె కనబడిందంటే ఆ యంత్రాన్ని ఎవరో పరీక్షించారని, దాని వెనక ఎక్కడో ముద్ర వేసిన గుండు ఉందని అర్థం. పదో వంతు వరకు చెప్పగలిగేది ఊరికే చెబుతుందా? సైకిల్ మీద పచ్చ చీటీ ఉందో లేదో కూడా నేను వెతకలేదు. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇక నా లెక్క మొదలైంది. డ్యూటీ అయ్యాక అరగంట తొక్కడం, అంకెను చీటీ మీద రాసుకోవడం, పటాన్‌చెరులో బస్సు దిగి ఇంటికి రాగానే ఆ చీటీ నా భార్య చేతికివ్వడం. ఆమె దాన్ని చూసి వడ్డించేది. మామూలుగా అయితే రెండు జొన్న రొట్టెలు, ఇంత పప్పు. చీటీ మీద మూడు వందలు దాటితే, నేను రాసి తెచ్చిన చార్టు నకలు ప్రకారం కప్పు అన్నం అదనం. నాలుగు వందలు దాటితే అన్నంతో పాటు గుడ్డు. ఆదివారం మటన్ తినాలంటే శనివారమే గంట తొక్కి వచ్చేవాణ్ని.

“కరెక్టే రాసినవా?” అని మొదటిరోజు అడిగింది.

“నేను అంకె తప్పు రాస్తనా?” అన్నాను.

మళ్లీ ఎప్పుడూ అడగలేదు. మా చుట్టాల్లో ఎవరు వడ్లు అమ్మినా కాంటా దగ్గర నన్ను నిలబెట్టేవారు. ఆ పేరు ఆమెకు తెలుసు. నా చీటీని ఆమె అనుమానించకపోవడంలో వింతేమీ లేదు.

మూడు నెలలు గడిచాయి. ఒక్క రోజు ఎగ్గొట్టలేదు. రక్తం ఇచ్చి వచ్చిన రోజు నిజం చెప్పాలంటే పరీక్ష రాసి ఫస్టు క్లాసు కోసం చూసే పిల్లవాడిలా ఉన్నాను. షుగర్ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

డాక్టరు గారు నా రిపోర్టును ఒక చేత్తో, సైకిల్ పుస్తకాన్ని ఇంకో చేత్తో పట్టుకున్నారు. “ఇన్ని కేలరీలు నిజంగా ఖర్చు చేస్తే బరువు తగ్గాలి. మీరు కిలోన్నర పెరిగారు. అంటే ఏమిటి? దొంగతనంగా తింటున్నారు. లేదా ఈ పుస్తకంలో దొంగ అంకెలు రాస్తున్నారు. రెంట్లో ఏది?”

దొంగ అంకెలు! ఇరవై రెండేళ్లలో నన్ను ఆ మాట అన్నవాడు లేడు. “సార్, తెర మీద ఏముంటే గదే రాసిన. చీటీల ఏముంటే గదే తిన్న” అన్నాను. ఆయన నమ్మలేదు. ఆఖరి అవకాశం, ఇంకో మూడు నెలలు అని రాసి పంపేశారు. ఇంటికొస్తే అక్కడా అదే. రిపోర్టు చూసి నా భార్య నా చొక్కా జేబులు వెతికింది. “క్యాంటీన్ల మిర్చీలు తింటున్నవా? నిజం చెప్పు. నాకు చీటీ ఇచ్చుకుంట ఆడ తింటున్నవా?” అంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. తిన్న ప్రతి ముద్దకూ నా దగ్గర చీటీ ఉంది, అయినా ఇంటా బయటా నేనే దొంగనయ్యాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ జోడీదారును ఆ గదిలోకి లాక్కుపోయాను. ఆయన యాభై రెండు కిలోలు, నేను ఎనభై ఆరు. “ఎక్కు భాయ్. పది నిమిషాలు తొక్కు” అన్నాను. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం తప్పకుండా తొక్కాడు. అంకె రాసుకున్నాను. తర్వాత నేను అదే వేగంతో పది నిమిషాలు తొక్కాను. ఇద్దరికీ దాదాపు ఒకే అంకె.

“అదేందన్నా, నీల నేను సగానికంటె కొంచెం ఎక్కువుంట. ఇద్దరికీ ఒకటే ఎట్లయితది?” అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. మూడు నెలల్లో ఆ యంత్రం నా బరువు ఒక్కసారి కూడా అడగలేదు. ఎక్కింది మనిషో, బియ్యం బస్తానో దానికి తెలియదు. అంతటితో ఆగలేదు నేను. చక్రాన్ని బిగించడానికి కింద ఒక మర ఉంటుంది. దాన్ని పూర్తిగా బిగించి పది నిమిషాలు తొక్కాను. తొడలు పట్టేశాయి, చొక్కా తడిసింది. పూర్తిగా వదులు చేసి ఇంకో పది నిమిషాలు తొక్కాను. పాట పాడుకోవచ్చు, అంత తేలిక. వేగం ఒకటే కనక అంకె కూడా ఒకటే. ఆఖరికి జోడీదారు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పెడల్‌ను చేత్తో గిరగిరా తిప్పాడు. తెర మీద కేలరీలు పెరుగుతూనే ఉన్నాయి.

“యా అల్లా! కూసోని తిప్పినా బిర్యానీకి సరిపడా ఇస్తుందన్నా ఇది!” అని పడీపడీ నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. అది లెక్కబెడుతున్నది చక్రం తిరుగుళ్లు. ఒక్కో తిరుగుడుకు ఇన్ని కేలరీలని ఎక్కడో కూర్చున్న ఎవడో అనుకున్నాడు, దాన్ని హెచ్చవేసి చూపిస్తోంది. చూపిస్తే చూపించింది, దానికి చుక్క పెట్టి, చుక్క తర్వాత ఇంకో అంకె కూడా పెట్టాలా? సుమారుగా రెండు మూడు వందలు అని చూపిస్తే నేను నమ్మేవాణ్నా? కప్పుల కొద్దీ అన్నం తినేవాణ్నా? తెలియనివాడు తెలియదని చెబితే ఎవరికీ హాని లేదు. తెలియకపోయినా పదో వంతు వరకు చెప్పేవాడే మనిషిని ముంచుతాడు.

తూకంలో తేడా వస్తే మేం రాసే ఫారం ఒకటి ఉంటుంది. అదే ఫారం తీసుకుని నాలుగు పరీక్షలూ రాశాను. ‘పరీక్షించినవారు’ అని నేను, ‘సరిచూసినవారు’ అని జోడీదారు సంతకాలు పెట్టి హెచ్ఆర్ మేడం బల్ల మీద పెట్టాను. వెలిమెల దగ్గర కొత్త అపార్టుమెంటు నుంచి కారులో వస్తారావిడ. చెడ్డ మనిషి కాదు. మొదటి రెండు లైన్లు చదివి నవ్వారు.

“అది జస్ట్ ఎస్టిమేట్ అండీ. ప్రపంచంలో అన్ని సైకిళ్లూ అంతే. ఎవరూ అంత సీరియస్‌గా తీసుకోరు.”

“మరి డాక్టర్ సార్ సీరియస్‌గ ఎందుకు తీసుకున్నడు మేడం? నన్ను దొంగ అన్నడు. ఇది ఉత్త అంచనా అని గా గోడ మీద ఒక్క ముక్క ఎందుకు రాపించకపోయిన్రు?”

ఆవిడకు ఫోన్ వచ్చింది. నేను తిన్నగా వెళ్లి మా గదిలోంచి ఎర్ర చీటీ తెచ్చి, సైకిల్ తెర మీద అడ్డంగా అంటించాను. మర్నాటికి ఎవరో పీకేశారు. మళ్లీ అంటించాను. మళ్లీ పీకేశారు. మూడోసారి అంటిస్తే హెచ్చరిక లేఖ వస్తుందని కబురు వచ్చాక, ఎక్కగానే తెర మీద నా జేబురుమాలు కప్పడం మొదలుపెట్టాను. రుమాలు కప్పుకోకూడదని ఏ రూలూ లేదు. పుస్తకంలో నా పేరు ఎదురుగా నిమిషాలు రాశాను, కేలరీల గడిలో గీత గీశాను.

ఆ మూడు నెలలు మర బాగా బిగించి తొక్కాను. పక్కవాడితో మాట్లాడాలంటే మాట మధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చేంత బిగించాను. ఇంట్లో నా భార్య ఆ చార్టు నకలును చించి పొయ్యి దగ్గర మసిగుడ్డలా వాడేసింది. ఎట్టకేలకు నన్ను నమ్మింది. చేత్తో పెడల్ తిప్పిన సంగతి జోడీదారే ఫోన్ చేసి ఆమెకు చెప్పాడు. “నువ్వేం చీటీలు తేకు. ఎంత తొక్కుతవో తొక్కు. నేను పెట్టింది తిను, ఇంకింత అని అడగకు” అంది. అడగలేదు. రాత్రి ఆకలితో పడుకున్న రోజులు ఉన్నాయి. ఎదురుగా పిల్లలు పచ్చి పులుసు, అన్నం కలుపుకుని తింటుంటే గోడ వైపు తిరిగి కూర్చున్న రోజులూ ఉన్నాయి.

షుగర్ దిగింది. ఇన్సులిన్ అక్కర్లేదని డాక్టరు గారు చెప్పారు. “చూశారా, నిజాయితీగా చేస్తే ఎలా వస్తుందో” అన్నారు. పళ్లు కొరుక్కున్నాను. ఫిట్‌నెస్ కాగితం సాయంత్రానికి ఇస్తామన్నారు. ఆ రోజుతో నా పాత కాగితం గడువు ముగుస్తుంది.

సాయంత్రం హెచ్ఆర్ మేడం పిలిచి ఒక ఫారం ముందు పెట్టారు. ఆరు నెలల ఆరోగ్య కార్యక్రమం ముగింపు నివేదిక. మొదటి షుగర్ ఇంత, ఇప్పటి షుగర్ ఇంత. దాని కింద: సైకిల్ మీద ఖర్చు చేసిన మొత్తం కేలరీలు 48,216.8.

“ఇదెక్కడిది మేడం? మూడు నెలలు నేను రుమాలు కప్పిన కదా. నేనే చూడలేదు, మీరెట్ల చూసిన్రు?”

“మొదటి మూడు నెలల యావరేజ్ వేసి మిగతా రోజులకు కలిపామండీ. ఆ గడి ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదు. అది తీసుకోకపోతే ఫిట్‌నెస్ ప్రింట్ కాదు. ఒక్క నంబరే కదా. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.”

యావరేజ్ వేశారట! అబద్ధపు అంకెకు సగటు కట్టి, దాన్ని నేను తొక్కిన రోజులకూ తొక్కని పండుగలకూ పంచి, చివర మళ్లీ చుక్క పెట్టి ఎనిమిది. నన్ను దొంగను చేసిన సైకిలే నన్ను బాగుచేసిందని నేనే ఒప్పుకుని సంతకం పెట్టాలి. నోటీసు బోర్డు మీద నా ఫొటో కూడా పెడతారట. అబద్ధపు అంకె మీద సంతకం పెట్టని గదిలోకి పోవాలంటే ముందు అబద్ధపు అంకె మీద సంతకం పెట్టి రావాలి. ఈ మాట చెప్పినా ఆవిడకు అర్థమయ్యేది కాదు.

కిటికీలోంచి వెనక యార్డు కనబడుతోంది. ఎండలో నీలం డ్రమ్ములు వరసలుగా ఉన్నాయి. మర్నాటి నుంచి ఆ వరసల మధ్య తిరిగే నన్ను నేను ఊహించుకున్నాను. కలం తీసుకుని సంతకం పెట్టాను.

అక్కడితో అయిపోయినా బాగుండేది. “ఇక్కడ సరిచూసినవారు అని ఉందండీ. మీ సెక్షన్‌లోనే ఎవరిదైనా కావాలి” అన్నారు మేడం. జోడీదారును పిలిపించారు. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఫారం తీసుకుని నిదానంగా చదివాడు. అంకె దగ్గర వేలు ఆగింది.

“అన్నా, ఇది మనం చూసినమా?”

“చూడలేదు భాయ్.”

“మరి?”

నేను ఆయన మొహం చూడలేకపోయాను. “పెట్టు భాయ్” అన్నాను.

ఫారాన్ని బల్ల మీద పెట్టాడు. కలం తీశాడు. నా సంతకం కింద తన సంతకం పెట్టి, కలం మూత బిగించి వెళ్లిపోయాడు. ఫిట్‌నెస్ కాగితం బరబరా ప్రింటయి వచ్చింది.

మర్నాడు పొద్దున సూటు వేసుకుని తూకం గదిలోకి పోయాను. గుండు పెట్టాను. ఇరవై చూపించింది. పచ్చ చీటీ అంటించాను. మొదటి డ్రమ్ము తెరిచి, పొడి పోసి, అంకె నిలకడ అయ్యేదాకా ఆగి, ఎప్పటిలాగే గట్టిగా చదివాను. “పదిహేడు పాయింట్ నాలుగు రెండు.”

అవతల కలం చప్పుడు వినబడలేదు. తలెత్తి చూశాను. జోడీదారు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు.

“జెర జరుగన్నా” అన్నాడు.

డ్రమ్ము చుట్టూ తిరిగి వచ్చి, నా పక్కన నిలబడి, వంగి తెర చూశాడు. నేను చదివినదే ఉంది. పుస్తకం తెరిచి రాసుకున్నాడు, సంతకం పెట్టాడు, మళ్లీ తన చోటికి పోయి రెండో డ్రమ్ము కోసం నిలబడ్డాడు. ఆ రోజు ఇన్‌స్పెక్షన్ ఏమీ లేదు.